బయటి డేటాను గుమ్మంలోనే సొంత టైప్‌గా మార్చడం: పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్, పైథాన్‌లలో పని పద్ధతి

వెబ్ స్క్రిప్ట్‌లోకి బయటి నుంచి వచ్చే విలువ దాదాపు ఎప్పుడూ ఉత్త స్ట్రింగే, అంటే వరసగా పేర్చిన అక్షరాలే. అందులో 17 ఉన్నా, ఈమెయిల్ ఉన్నా, స్క్రిప్ట్ ట్యాగ్ ఉన్నా భాషకు తేడా తెలియదు. మనం ఒక ఇఫ్ రాసి చెక్ చేస్తాం, బాగానే ఉందనుకుని ముందుకు పంపుతాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. చెక్ అయ్యాక కూడా అది స్ట్రింగే కాబట్టి, నాలుగు ఫంక్షన్ల అవతల దాన్ని అందుకున్న కోడ్‌కి ఇది చూసిన సరుకో చూడని సరుకో తెలిసే గుర్తు ఏదీ ఉండదు. దాంతో మూడుచోట్ల మళ్లీ మళ్లీ చెక్ చేస్తాం, ఒకచోట అసలు చేయం. దాడి చేసేవాడికి ఆ ఒక్కచోటు చాలు.

దీనికి నికరమైన పద్ధతి, చెక్ అయిన విలువకు వేరే టైప్ ఇవ్వడం. 1 నుంచి 99 దాకా ఉండే సంఖ్య కావాలంటే 'పరిమాణం' అనే క్లాస్ కట్టండి. చెక్ దాటకుండా ఆ క్లాస్ ఆబ్జెక్ట్ పుట్టకూడదు. లోపలి ఫంక్షన్లన్నీ స్ట్రింగ్‌ని కాక 'పరిమాణం' మాత్రమే తీసుకోవాలి. అప్పుడు ఆబ్జెక్ట్ చేతిలో ఉండటమే చెక్ జరిగిందనడానికి రుజువు.

బయటిది అంటే ఏది

ఫారమ్, యూఆర్‌ఎల్ మాత్రమే కాదు. కుకీలు, యూజర్ ఏజెంట్, రెఫరర్ హెడర్లు, అప్‌లోడ్ చేసిన ఫైల్ పేరు, ఆ ఫైల్ రకం అని బ్రౌజర్ చెప్పే మాట, వేరే సర్వర్ పంపే జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్), వెబ్‌హుక్‌లు (ఏదైనా జరిగినప్పుడు వేరే సర్వర్ తనంతట తానే మనకు పంపే రిక్వెస్టులు) అన్నీ బయటివే. డ్రాప్‌డౌన్‌లో మూడే ఎంపికలు ఉన్నాయి కదా, హిడెన్ ఫీల్డ్‌లో ధర మనమే పెట్టాం కదా అనుకోవద్దు. డెవలపర్ టూల్స్ తెరిచి గానీ, కర్ల్ అనే కమాండ్‌తో గానీ ఎవరైనా ఏ విలువనైనా పంపగలరు. ధర ఎప్పుడూ సర్వర్ దగ్గరే ఉండాలి, ఫారమ్ నుంచి వస్తువు నంబర్ మాత్రమే రావాలి.

చాలామంది మరిచిపోయేది సొంత డేటాబేస్. రెండేళ్ల కిందట, చెక్‌లు లేని రోజుల్లో పడిన వరుసలు అందులో ఉంటాయి. డేటాబేస్ నుంచి చదివేటప్పుడు కూడా అదే క్లాస్ గుండా రానివ్వండి.

ఏ వరసలో చూడాలి

ముందు సైజు, తర్వాత ఎన్‌కోడింగ్, తర్వాత ఆకారం, ఆపైన మార్పిడి, చివర హద్దులు. ఈ వరస తప్పితే చెక్ చేసే కోడే దెబ్బతింటుంది. సైజు చూడకుండా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (స్ట్రింగ్ ఆకారాన్ని చెప్పే ప్యాటర్న్) నడిపితే, సరిగ్గా రాయని ప్యాటర్న్ మీద ఒక పొడవాటి స్ట్రింగ్ నిమిషాల తరబడి వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. సర్వర్ మీద పనిచేసే నోడ్‌లో జావాస్క్రిప్ట్ ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది కాబట్టి ఆ ఒక్క రిక్వెస్ట్ వల్ల మిగతా అందరూ ఆగిపోతారు.

సైజు హద్దులు కొన్ని ముందే ఉన్నాయి, అవి తెలిసి ఉండాలి. ఎంజినెక్స్ వెబ్ సర్వర్‌లో రిక్వెస్ట్ బాడీకి డిఫాల్ట్ హద్దు 1 ఎంబీ, నోడ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ జేసన్ పార్సర్‌కి 100 కేబీ, పీహెచ్‌పీ పోస్ట్_మ్యాక్స్_సైజ్‌కి 8 ఎంబీ. పీహెచ్‌పీలో ఈ హద్దు దాటితే పోస్ట్ ఎరే పూర్తిగా ఖాళీగా వస్తుంది. అప్పుడు మీ కోడ్ 'పేరు రాయలేదు' అని చెబుతుంది, వాడుకరేమో పేరు రాశానని మొత్తుకుంటాడు. పోస్ట్ ఎరే ఖాళీగా ఉండి కంటెంట్-లెంగ్త్ హెడర్ సున్నా కంటే ఎక్కువ ఉంటే 'పంపింది మరీ పెద్దది' అని వేరుగా చెప్పండి. అలాగే మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ డిఫాల్ట్ 1000. పెద్ద పట్టికల ఫారమ్‌లో 1000 దాటిన ఫీల్డులు రాలిపోతాయి, లాగ్‌లో ఒక వార్నింగ్ మాత్రం పడుతుంది.

ఎన్‌కోడింగ్‌కి పీహెచ్‌పీలో ఎంబీ_చెక్_ఎన్‌కోడింగ్ వాడండి. పైథాన్‌లో బైట్లను స్ట్రిక్ట్‌గా డీకోడ్ చేయండి. తప్పు బైట్లను వదిలేయమనే 'ఇగ్నోర్' పెట్టొద్దు. మధ్యలోని బైట్లు తీసేశాక రెండు పక్కల ముక్కలూ అతుక్కుని, మీరు అడ్డుకున్న మాటే మళ్లీ తయారు కావచ్చు.

ఆకారం దగ్గర చాలామంది బోల్తా పడతారు. పీహెచ్‌పీలో ఫీల్డు పేరు చివర [] పెట్టి పంపితే స్ట్రింగ్ రావాల్సిన చోట ఎరే వస్తుంది. పీహెచ్‌పీ 8 కంటే ముందు, స్ట్రింగ్‌కంప్ ఫంక్షన్‌కి ఎరే ఇస్తే నల్ తిరిగొచ్చేది. నల్‌ని == తో సున్నాతో పోలిస్తే సమానం. పాస్‌వర్డ్‌ని అలా పోల్చిన లాగిన్ పేజీలు పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకున్నాయి. పీహెచ్‌పీ 8లో అది టైప్ ఎర్రర్ అవుతుంది. ఎక్స్‌ప్రెస్‌దీ ఇదే కథ. 4వ వెర్షన్‌లో యూఆర్‌ఎల్‌లోని స్క్వేర్ బ్రాకెట్లు డిఫాల్ట్‌గా ఆబ్జెక్ట్‌గా మారతాయి. అది నేరుగా మాంగోడీబీ డేటాబేస్ క్వెరీలోకి వెళ్తే, పాస్‌వర్డ్ స్థానంలో 'దీనికి సమానం కానిది' అనే ఆపరేటర్‌ని పెట్టవచ్చు. జేసన్ బాడీలో అయితే బ్రాకెట్ల అవసరం కూడా లేదు, ఆబ్జెక్టే నేరుగా పంపవచ్చు. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ 'ఇది స్ట్రింగేనా?' అన్నదే. పీహెచ్‌పీలో ఈజ్_స్ట్రింగ్, జావాస్క్రిప్ట్‌లో టైప్ఆఫ్, పైథాన్‌లో ఈజ్‌ఇన్‌స్టాన్స్.

సంఖ్యలు

సంఖ్యగా మార్చే ఫంక్షన్లు ఒక్కో భాషలో ఒక్కో రకంగా ఉదారంగా ఉంటాయి. పీహెచ్‌పీలో ఇంట్ క్యాస్ట్ పెడితే '12పుస్తకాలు' అన్నది 12 అవుతుంది, 'పుస్తకాలు' అన్నది చప్పుడు చేయకుండా 0 అవుతుంది. జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్‌ది కూడా మొదటి గుణమే. నంబర్ ఫంక్షన్ చెత్తను పట్టుకుంటుంది గానీ, ఖాళీ స్ట్రింగ్‌నూ ఉత్త ఖాళీలనూ 0 చేస్తుంది. పైథాన్ ఇంట్ ఫంక్షన్ కఠినంగా కనిపిస్తుంది, కానీ చుట్టూ ఉన్న ఖాళీలను తీసేస్తుంది, '1_0' ఇస్తే 10 అంటుంది, '౧౨' ఇస్తే 12 అంటుంది. అవును, తెలుగు అంకెలను చక్కగా చదువుతుంది. అదే '౧౨' జావాస్క్రిప్ట్ నంబర్‌కి ఇస్తే నాన్ ('ఇది సంఖ్య కాదు' అని చెప్పే విలువ) వస్తుంది, పీహెచ్‌పీ క్యాస్ట్‌కి ఇస్తే 0 వస్తుంది.

తెలుగు అంకెలను అంగీకరించడం తప్పు కాదు. ఒక పొర అంగీకరించి ఇంకో పొర కాదనడమే తప్పు. వాటిని తీసుకోవాలనుకుంటే గుమ్మంలోనే 0-9 అంకెలుగా మార్చి, ఆ తర్వాతే చెక్ మొదలుపెట్టండి. పైథాన్ 3 రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అంకెలకు వాడే సంక్షిప్త గుర్తు ప్రపంచంలోని లిపుల అంకెలన్నిటినీ పట్టుకుంటుంది, పీహెచ్‌పీలో యూనికోడ్ మోడ్ పెట్టినా అంతే, జావాస్క్రిప్ట్‌లో మాత్రం 0-9 మాత్రమే. అందుకే సంక్షిప్త గుర్తు మానేసి [0-9] అని విడమరిచి రాయడం మేలు.

1 నుంచి 99 దాకా అయితే ప్యాటర్న్ ఇది: [1-9][0-9]?. మొత్తం స్ట్రింగ్ దీనికి సరిపోయాకే సంఖ్యగా మార్చండి. ముందు సున్నాలు, ప్లస్ గుర్తు, దశాంశాలు, పదహారు ఆధారపు సంఖ్యలు, ఘాతాంక రూపం అన్నీ ఒకే దెబ్బతో బయటే ఆగిపోతాయి. పీహెచ్‌పీ ఫిల్టర్_వార్‌తో చేయాలనుకుంటే మిన్_రేంజ్, మ్యాక్స్_రేంజ్ ఇవ్వవచ్చు. విఫలమైతే అది ఫాల్స్ ఇస్తుంది కాబట్టి, సున్నా చెల్లే చోట తప్పకుండా === ఫాల్స్ అనే పోల్చాలి.

దశాంశాలు తీసుకునే చోట నాన్ సంగతి గుర్తుంచుకోండి. పైథాన్ ఫ్లోట్‌కి 'నాన్' అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే నిజంగానే నాన్ పుడుతుంది. '1 కంటే తక్కువైతే, లేదా 99 కంటే ఎక్కువైతే తోసిపుచ్చు' అని రాశారనుకోండి. నాన్‌తో తక్కువ, ఎక్కువ అనే ఏ పోలికైనా ఫాల్సే కాబట్టి రెండు షరతులూ ఫాల్స్ అయ్యి, నాన్ దర్జాగా లోపలికి నడుస్తుంది. షరతును తిరగేసి '1 <= విలువ <= 99 అయితేనే రానివ్వు' అని రాయండి. ఈ ఒక్క అలవాటు వల్ల పోయే కన్నాలు చాలా ఉన్నాయి.

డబ్బును ఫ్లోట్‌లో పెట్టొద్దు. అతి చిన్న నాణెం లెక్కన పూర్ణసంఖ్యగా దాచండి. పెద్ద ఐడీలను జేసన్‌లో స్ట్రింగ్‌గా పంపండి. జావాస్క్రిప్ట్‌లో నికరంగా నిలిచే గరిష్ఠ పూర్ణసంఖ్య 9007199254740991, దాని మీద 2 కలిపిన సంఖ్యను జేసన్‌లో పంపితే చివరి అంకె మారిపోయి వేరే ఐడీ అవుతుంది.

టెక్స్ట్

'పేరు 20 అక్షరాలు మించకూడదు' అన్నప్పుడు ఏ అక్షరాలు? 'తెలుగు' అనే మాట చూసేవారికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో హల్లు, గుణింతపు గుర్తు వేర్వేరు కాబట్టి ఆరు. యూటీఎఫ్-8 బైట్లలో 18. పీహెచ్‌పీ స్ట్రింగ్‌లెన్ 18 అంటుంది, ఎంబీ_స్ట్రింగ్‌లెన్, పైథాన్ లెన్, జావాస్క్రిప్ట్ లెంగ్త్ 6 అంటాయి. బైట్ల లెక్కన 20కి కోసే కోడ్ ఉంటే తెలుగు పేరు ఏడో గుర్తు మధ్యలో తెగి, చెల్లని బైట్లు మిగులుతాయి. మైఎస్‌క్యూఎల్‌లో పాత 'యూటీఎఫ్8' అనేది అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగు అందులో పడుతుంది, ఎమోజీ పడదు. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే ఎమోజీ దగ్గర నుంచి మిగతా టెక్స్ట్ అంతా రాలిపోతుంది. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి.

ఒకే మాట రెండు రకాలుగా రావచ్చు. 'వై'లోని ఐత్వం యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ ఉంది, ఎత్వం మీద మరో గుర్తు చేర్చిన జంటగానూ ఉంది. తెర మీద రెండూ ఒకటే, పోలిస్తే వేరు. యూజర్‌నేమ్‌లకు, వెతుకులాటకు ముందు ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి జంటలను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చండి: జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ మెథడ్, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్, పీహెచ్‌పీలో ఇంటెల్ ఎక్స్‌టెన్షన్‌లోని నార్మలైజర్. మార్పిడి ముందు, చెక్ తర్వాత. కనిపించని గుర్తులన్నీ తీసేద్దామని ఉత్సాహపడి జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని తీసేయకండి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో పొల్లు నిలబడేది దానివల్లే. అది తీస్తే మాట 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. యూజర్‌నేమ్‌లో వద్దనుకోవచ్చు, వ్యాసం టెక్స్ట్‌లో మాత్రం ఉంచాలి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ముగింపు గుర్తు $ విషయంలో భాషలవి మూడు దారులు. జావాస్క్రిప్ట్‌లో మల్టీలైన్ ఫ్లాగ్ లేకపోతే అది నిజంగా స్ట్రింగ్ చివరే. పీహెచ్‌పీలో, పైథాన్‌లో చివర ఒక కొత్త లైన్ గుర్తు ఉన్నా ఒప్పేసుకుంటుంది. రూబీలో ^ కీ $ కీ ఎప్పుడూ లైన్ మొదలు, లైన్ చివర అనే అర్థం, కాబట్టి మూడు లైన్ల స్ట్రింగ్‌లో ఒక లైన్ సరిగ్గా ఉంటే మిగతా రెండిట్లో ఏమున్నా దాటిపోతుంది. పైథాన్‌లో ఫుల్‌మ్యాచ్ వాడండి, పీహెచ్‌పీలో పెద్ద డీ మాడిఫయర్ చేర్చండి, రూబీలో స్ట్రింగ్ మొదలుకీ చివరికీ ఉన్న వేరే గుర్తులు వాడండి.

ట్రిమ్ కూడా అంతే. పీహెచ్‌పీ ట్రిమ్ మామూలు ఖాళీలనే తీస్తుంది, జావాస్క్రిప్ట్‌దీ పైథాన్‌దీ నాన్ బ్రేకింగ్ స్పేస్‌ని కూడా తీస్తాయి.

టైప్ కట్టడం

'పరిమాణం' క్లాస్‌కి నాలుగు నియమాలు చాలు. పుట్టడానికి ఒకే దారి ఉండాలి. పుట్టాక మారకూడదు. సమానమా కాదా అన్నది విలువను బట్టి తేలాలి. తప్పు విలువ వస్తే డిఫాల్ట్ ఇవ్వకుండా ఎక్సెప్షన్ వేయాలి. నాలుగోది అందరూ ఉల్లంఘిస్తారు. తప్పుగా వస్తే 1 అనుకుందాం అని రాస్తే, '1000' అడిగినవారికి ఒక్కటే పంపిస్తారు, తప్పెక్కడో ఎవరికీ తెలియదు.

పీహెచ్‌పీ 8.2 నుంచి క్లాస్ మొత్తాన్ని రీడ్‌ఓన్లీ అనవచ్చు, 8.1లో ప్రాపర్టీలకు మాత్రమే. క్లాస్‌ని ఫైనల్ చేయండి, కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేయండి, స్ట్రింగ్ తీసుకుని ఆబ్జెక్ట్ ఇచ్చే స్టాటిక్ మెథడ్ ఒకటి పెట్టండి, చెక్ అంతా అందులోనే. ఫైల్ మొదట స్ట్రిక్ట్_టైప్స్ ప్రకటన మరవొద్దు, అది ఏ ఫైల్‌లో రాస్తే ఆ ఫైల్‌లోంచి చేసే కాల్స్‌కే వర్తిస్తుంది. పోల్చడానికి == మీద ఆధారపడకుండా సొంత మెథడ్ రాయండి, ఎందుకంటే ఆబ్జెక్టుల మధ్య == లోపలి ప్రాపర్టీలను కూడా వదులుగానే పోలుస్తుంది. పరిమితమైన ఎంపికలకు క్లాస్ అక్కర్లేదు, 8.1లో వచ్చిన ఈనమ్ (ఎంపికల జాబితానే ఒక టైప్‌గా రాయడం) చాలు. ట్రైఫ్రమ్ మెథడ్ తెలియని విలువకు నల్ ఇస్తుంది, ఫ్రమ్ మెథడ్ ఎర్రర్ వేస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్ లేదు, కాబట్టి చెక్‌ని కన్‌స్ట్రక్టర్‌లోనే పెట్టండి. విలువను # తో మొదలయ్యే ప్రైవేట్ ఫీల్డులో దాచండి. బయటివాళ్లు దాన్ని చదవనూ లేరు, మార్చనూ లేరు. దీనికో పర్యవసానం ఉంది. జేసన్.స్ట్రింగిఫై ప్రైవేట్ ఫీల్డులను చూడదు, మీ ఆబ్జెక్ట్ ఉత్త {} గా బయటికి వెళ్తుంది. టుజేసన్ అనే మెథడ్ రాసి, లోపలి సంఖ్యను తిరిగివ్వండి. అలాగే రెండు ఆబ్జెక్టులను === తో పోలిస్తే విలువ ఒకటే అయినా ఫాల్స్ వస్తుంది.

టైప్‌స్క్రిప్ట్ వాడుతున్నాం కదా, మాకెందుకు అనేవారు ఒక్కసారి ఆగాలి. టైప్‌స్క్రిప్ట్ టైపులు కంపైల్ అయ్యాక చెరిగిపోతాయి. జేసన్.పార్స్ ఇచ్చేది 'ఎనీ'. దాన్ని 'యాజ్' పెట్టి మీ ఇంటర్‌ఫేస్ అని ప్రకటిస్తే, రన్ అయ్యేటప్పుడు చూసేవారు ఎవరూ లేరు. బయటి డేటాని 'అన్‌నోన్' అని ప్రకటించి, జాడ్ వంటి స్కీమా లైబ్రరీతో నిజంగా పరీక్షించి, టైప్‌ని ఆ స్కీమా నుంచే రాబట్టండి.

పైథాన్‌లో ఫ్రోజెన్ డేటాక్లాస్ చక్కగా సరిపోతుంది. సమానత, హ్యాష్ అవే వస్తాయి. కానీ ఫీల్డు పక్కన ఇంట్ అని రాసినంత మాత్రాన పైథాన్ దాన్ని పాటించదు, స్ట్రింగ్ ఇచ్చినా పెట్టుకుంటుంది. __పోస్ట్_ఇనిట్__ లో మీరే చూడాలి. అక్కడ ఈజ్‌ఇన్‌స్టాన్స్‌తో ఇంట్ అవునా అని అడిగితే ట్రూ, ఫాల్స్ కూడా దాటుతాయి, ఎందుకంటే పైథాన్‌లో బూల్ అన్నది ఇంట్ సంతానమే. జేసన్‌లో 'ట్రూ' పంపితే 1 అయి కూర్చుంటుంది. ఖచ్చితమైన టైప్‌నే అడగండి. డేటాను చెక్ చేసే పైడాంటిక్ లైబ్రరీ వాడేవారికి డిఫాల్ట్ మోడ్ వదులుగా ఉంటుంది, స్ట్రింగ్ '12'ని 12 చేస్తుంది. ఫారమ్‌కి అది మంచిదే, జేసన్ ఏపీఐకి స్ట్రిక్ట్ మోడ్ మంచిది.

ఒక ఫీల్డు తప్పగానే ఆగిపోకుండా, అన్ని ఫీల్డులనూ ప్రయత్నించి తప్పులన్నీ పోగు చేసి ఒకేసారి చూపండి. వాడుకరికి అది కనీస మర్యాద.

పెరటి దారి: డీసీరియలైజేషన్

డీసీరియలైజేషన్ అంటే దాచిన బైట్ల నుంచి ఆబ్జెక్ట్‌ని మళ్లీ తయారుచేయడం. ఇంత కష్టపడి కట్టిన క్లాస్‌ని అలాంటి ఒక్క ఫంక్షన్ పడగొట్టగలదు. పీహెచ్‌పీ అన్‌సీరియలైజ్, పైథాన్ పికిల్ రెండూ మామూలుగా కన్‌స్ట్రక్టర్‌ని పిలవకుండానే ఆబ్జెక్ట్‌ని తయారుచేస్తాయి. బైట్లలో 5000 అని రాసి ఉంటే 5000 ఉన్న 'పరిమాణం' పుడుతుంది. రుజువు అనుకున్నది అబద్ధమైపోతుంది. అంతకంటే ఘోరం, పీహెచ్‌పీలో మీ లైబ్రరీల్లో ఎక్కడో ఉన్న క్లాస్‌ని పుట్టించి, అది చచ్చేటప్పుడు నడిచే __డిస్ట్రక్ట్ మెథడ్ చేత ఫైళ్లు తుడిపించవచ్చు. పికిల్‌కైతే అంత శ్రమ కూడా లేదు. చదివేటప్పుడే ఏ ఫంక్షన్‌నైనా పిలిచే వీలు ఆ ఫార్మాట్‌లోనే ఉంది.

బయటి డేటాకు ఈ రెండూ వాడకండి. జేసన్ వాడి, వచ్చిన ఎరేని మీ క్లాస్ ఫ్యాక్టరీ గుండా పంపండి. పాత కుకీల్లో సీరియలైజ్ చేసిన డేటా ఉండిపోయి వెంటనే మార్చలేకపోతే, పీహెచ్‌పీ 7.0 నుంచి ఉన్న అలౌడ్_క్లాసెస్ ఆప్షన్‌కి ఫాల్స్ ఇవ్వండి. రహస్య కీతో తయారయ్యే హెచ్‌మ్యాక్ సంతకం పెట్టి, చదవడానికి ముందే సంతకం సరిచూడండి, చదివాక కాదు. సంతకాలను == తో పోల్చవద్దు. '0ఈ' అనే రెండు గుర్తులతో మొదలై తర్వాత అన్నీ అంకెలే ఉన్న రెండు వేర్వేరు హ్యాష్‌లను (ఆ 'ఈ' ఘాతాంకానికి వాడే ఇంగ్లిష్ అక్షరం) పీహెచ్‌పీ రెండు సున్నాలుగా చూసి సమానం అంటుంది, ఇది 8లో కూడా మారలేదు. హ్యాష్_ఈక్వల్స్ వాడండి. పైథాన్‌లో హెచ్‌మ్యాక్.కంపేర్_డైజెస్ట్. నోడ్‌లో టైమింగ్‌సేఫ్‌ఈక్వల్, అయితే పొడవులు తేడా ఉంటే అది ఎర్రర్ వేస్తుంది కాబట్టి ముందు పొడవు చూడండి.

యామల్ అనే డేటా ఫార్మాట్‌దీ ఇదే జాగ్రత్త: పైథాన్‌లో సేఫ్_లోడ్. రూబీ 3.1తో వచ్చిన యామల్ లైబ్రరీ సైక్ 4లో మామూలు లోడ్‌నే సురక్షితం చేశారు.

జేసన్ వల్ల కూడా జావాస్క్రిప్ట్‌లో ఒక ప్రమాదం ఉంది. '__ప్రోటో__' అనే ఇంగ్లిష్ కీ ఉన్న జేసన్‌ని పార్స్ చేసినప్పుడు ఏమీ కాదు. దాన్ని మరో ఆబ్జెక్ట్‌లోకి లోతుగా మెర్జ్ చేసే కోడ్ నడిచినప్పుడు మాత్రం అన్ని ఆబ్జెక్టుల మూలపు ప్రోటోటైప్ మారిపోతుంది. ఎక్కడో 'అడ్మిన్ అవునా' అని అడిగే కోడ్‌కి అందరూ అడ్మిన్‌లే అవుతారు. వాడుకరి ఇచ్చిన కీలను మ్యాప్‌లో పెట్టండి, లేదా ఆబ్జెక్ట్.క్రియేట్‌కి నల్ ఇచ్చి ప్రోటోటైప్ లేని ఆబ్జెక్ట్ వాడండి. అన్నిటికంటే మంచిది, అవసరమైన కీలను పేరు పేరునా తీసుకుని మిగతావి వదిలేయడం.

బయటికి పంపేటప్పుడు

పెర్ల్‌లో టెయింట్ మోడ్ ఉంది: బయటి నుంచి వచ్చిన విలువకు మచ్చ పడుతుంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో దాంట్లోంచి ముక్కను పట్టి తీస్తేనే మచ్చ పోతుంది, మచ్చ ఉన్న విలువతో షెల్ కమాండ్ నడవదు. రూబీ కూడా కొంతకాలం ఇలాంటిది మోసి, 2.7లో పక్కన పెట్టి, 3.2లో ఆ మెథడ్లను తీసేసింది. ఆలోచన గొప్పదే, కానీ మచ్చ పోయిందంటే దేనికి పోయినట్టు? ఎస్‌క్యూఎల్‌కి ప్రమాదం లేని స్ట్రింగ్ హెచ్‌టీఎంఎల్‌లో ప్రమాదం కావచ్చు. సురక్షితం అన్నది గమ్యాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఎస్కేప్ చేసేది (ప్రత్యేక అర్థం ఉన్న గుర్తులను ఉత్త అక్షరాలుగా చదివేలా మార్చేది) లోపలికి వచ్చేటప్పుడు కాదు, బయటికి వెళ్లే చివరి అడుగులో. పీహెచ్‌పీ మ్యాజిక్ కోట్స్ లోపలికి వచ్చేటప్పుడే బ్యాక్‌స్లాష్‌లు చేర్చి, పేర్లలోని ప్రతి ' ముందూ గీతలు మిగిల్చింది. 2012లో వచ్చిన 5.4లో దాన్ని తొలగించారు.

హెచ్‌టీఎంఎల్‌కి సొంత టైప్ ముందే తయారుగా ఉంది. పైథాన్ మార్కప్‌సేఫ్‌లోని మార్కప్ అనే క్లాస్ చూడండి. మార్కప్‌కి మామూలు స్ట్రింగ్‌ని + తో కలిపితే ఆ స్ట్రింగ్ తనంతట తానే ఎస్కేప్ అవుతుంది, ఫార్మాట్ మెథడ్‌తో చొప్పించినా అంతే. అదే పనిని ఎఫ్-స్ట్రింగ్‌తో చేసి, మొత్తాన్ని మార్కప్‌లో చుడితే ఏ ఎస్కేపూ జరగదు, ఎందుకంటే చుట్టే సమయానికే వాడుకరి టెక్స్ట్ అందులో కలిసిపోయింది. ఈ రెండు లైన్లూ కోడ్ రివ్యూలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి, అందుకే చెబుతున్నాను. జాంగోలో మార్క్_సేఫ్, రైల్స్‌లో హెచ్‌టీఎంఎల్_సేఫ్ అనే పేర్లు కూడా తప్పుదారి పట్టిస్తాయి. అవి దేన్నీ సురక్షితం చేయవు, సురక్షితం అని మీ చేత హామీ రాయించుకుంటాయి, అంతే. జాంగోలో ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్ వాడండి. ఫ్లాస్క్ ఫ్రేమ్‌వర్క్ లేకుండా జింజా టెంప్లేట్లను విడిగా వాడితే ఆటో ఎస్కేప్ డిఫాల్ట్‌గా ఉండదు, మీరే ఆన్ చేయాలి.

పీహెచ్‌పీ హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ 8.1కి ముందు డిఫాల్ట్‌గా ' ని ఎస్కేప్ చేసేది కాదు. సింగిల్ కోట్ల మధ్య యాట్రిబ్యూట్ రాసే పాత టెంప్లేట్లలో, దాన్ని కూడా ఎస్కేప్ చేయమనే ఈఎన్‌టీ_కోట్స్ ఫ్లాగ్‌ని తప్పక చేర్చండి. కోట్లే లేని యాట్రిబ్యూట్‌లో ఈ ఎస్కేప్ కాపాడదు. లింక్ చిరునామా విషయంలో ఎస్కేప్ చాలదు. 'జావాస్క్రిప్ట్:' స్కీమ్‌తో మొదలయ్యే చిరునామాలో ఎస్కేప్ చేయదగ్గ గుర్తు ఒక్కటీ ఉండకపోవచ్చు. స్కీమ్ హెచ్‌టీటీపీ గానీ హెచ్‌టీటీపీఎస్ గానీ అయితేనే పుట్టే 'వెబ్‌లింక్' క్లాస్ కట్టండి.

బ్రౌజర్ లోపల ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ బదులు టెక్స్ట్‌కంటెంట్ వాడండి. హెచ్‌టీఎంఎల్ తప్పదంటే ట్రస్టెడ్ టైప్స్ ఉంది, క్రోమ్‌లో 83వ వెర్షన్ (2020) నుంచి. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్‌లో దాన్ని తప్పనిసరి చేస్తే, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కి మామూలు స్ట్రింగ్ ఇవ్వగానే టైప్ ఎర్రర్ వస్తుంది, మీరు రాసిన పాలసీ ఫంక్షన్ గుండా వచ్చినదే చెల్లుతుంది. ముందు రిపోర్ట్-ఓన్లీగా పెట్టి, ఎక్కడెక్కడ పగులుతుందో చూసి, అవి సరిచేశాక అమలు చేయండి.

ఎస్‌క్యూఎల్‌కి బైండ్ పారామీటర్లు (విలువను క్వెరీ టెక్స్ట్‌లో కలపకుండా వేరుగా పంపడం), వేరే మాట లేదు. కానీ కాలమ్ పేరునూ, పెద్ద నుంచి చిన్నకా చిన్న నుంచి పెద్దకా అన్నదాన్నీ బైండ్ చేయలేం. అక్కడ ఈనమ్ వాడండి, వాడుకరి మాట ఈనమ్‌ని ఎంచడానికే, క్వెరీలోకి వెళ్లేది మీరు రాసిన పేరే. లైక్ వెతుకులాటలో % కీ _ కీ ప్రత్యేక అర్థం ఉందని, బైండ్ చేసినా ఆ అర్థం పోదని గుర్తుంచుకోండి.

షెల్ కమాండ్‌కి ఒకే స్ట్రింగ్ కట్టకండి. పైథాన్ సబ్‌ప్రాసెస్‌కి లిస్ట్ ఇవ్వండి, పీహెచ్‌పీ 7.4 నుంచి ప్రాక్_ఓపెన్ కూడా ఎరే తీసుకుంటుంది. అయినా ఫైల్ పేరు - తో మొదలైతే ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, ఆప్షన్లు అయిపోయాయని చెప్పే -- ముందు పెట్టండి. ఫైల్ దారుల్లో పైథాన్ ఓఎస్.పాత్.జాయిన్ ఒక విచిత్రం చేస్తుంది: రెండో భాగం / తో మొదలైతే మొదటి భాగాన్ని పూర్తిగా పారేస్తుంది. కలిపిన తర్వాత అసలు దారిని రాబట్టి, అది మీ ఫోల్డర్ కిందే ఉందా అని చూడండి. స్ట్రింగ్ మొదలు మాత్రమే పోలిస్తే 'ఫైళ్లు' అనే ఫోల్డర్‌కి 'ఫైళ్లు2' కూడా సరిపోతుంది, చివర / చేర్చి పోల్చండి. పైథాన్ 3.9 నుంచి ఈజ్_రిలేటివ్_టు ఈ పని చేస్తుంది.

పాత కోడ్‌లోకి తేవడం

అన్నీ ఒకేసారి మార్చబోతే మధ్యలో వదిలేస్తారు. డబ్బు గానీ అనుమతులు గానీ మోసే ఒక్క ఫీల్డును ఎంచుకోండి. క్లాస్ రాసి, దాని మీద ఈ విలువలు వేయండి: ఖాళీ స్ట్రింగ్, ఒక్క స్పేస్, 0, 1, 99, 100, -1, 007, 1.5, ౧౨, 12 తర్వాత కొత్త లైన్, లక్ష అంకెల స్ట్రింగ్, ఎరే, నల్, జేసన్ ట్రూ. ఏవి దాటాలో ఏవి ఆగాలో టెస్టులో రాసిపెట్టండి. లక్ష అంకెల దానికి పైథాన్ 3.11 సొంతంగానే 4300 అంకెల దగ్గర ఎర్రర్ వేస్తుంది, అయినా మీ సైజు చెక్ అంతకంటే ముందే దాన్ని ఆపాలి.

తర్వాత గుమ్మం నుంచి కాకుండా లోపలి చివర నుంచి మొదలుపెట్టండి. ఆ విలువను ఆఖరున వాడే ఫంక్షన్ స్ట్రింగ్ బదులు 'పరిమాణం' తీసుకునేలా మార్చండి. దాన్ని పిలిచేవన్నీ విరుగుతాయి, టైపులను చెక్ చేసే పీహెచ్‌స్టాన్ (పీహెచ్‌పీకి), మైపై (పైథాన్‌కి), టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ వాటిని వరసగా చూపిస్తాయి. ఒక్కొక్కటీ సరిచేస్తూ వెనక్కి నడిస్తే, రిక్వెస్ట్ చదివే లైన్ దగ్గర తేలతారు. క్లాస్‌ని పిలవాల్సింది అక్కడే.

విడుదలకు ముందు డేటాబేస్‌లోని పాత వరుసలన్నిటినీ కొత్త క్లాస్ గుండా నడిపే చిన్న స్క్రిప్ట్ రాసి, ఎన్ని విఫలమయ్యాయో లెక్కపెట్టండి. విఫలమైన విలువలను లాగ్‌లో రాసేటప్పుడు జేసన్‌గా మార్చి రాయండి, లేకపోతే విలువలోని కొత్త లైన్ గుర్తు లాగ్‌లో దొంగ లైన్ పుట్టిస్తుంది. ఆ లెక్క సున్నాకి దిగాక, అదే హద్దును టేబుల్ మీద చెక్ కన్‌స్ట్రైంట్‌గా పెట్టండి. మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే వెర్షన్ 8.0.16 గానీ ఆపైది గానీ ఉందో లేదో చూసుకోండి. అంతకు ముందు వెర్షన్లు ఆ కన్‌స్ట్రైంట్‌ని చదివి, ఏ ఎర్రరూ చెప్పకుండా పక్కన పడేసేవి.